ఇంట్లో ఆయానా, ఆశ్రమమా, పెయిడ్ హోమా? గోదావరి జిల్లాల్లో వెతికేవాళ్ల కోసం

మా మేనత్తకి 81 ఏళ్లు. పిల్లలు లేరు. మావయ్య పోయాక పాలకొల్లు దగ్గర పల్లెలో పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. కిందటేడు వినాయక చవితి ముందు నూతి గట్టు దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, వాకర్‌తో నడుస్తోంది గానీ, ఇక ఒంటరిగా వదిలే పరిస్థితి లేదు. మా ఇంటికి తెచ్చుకుందామంటే మాది మేడ మీద అద్దె వాటా, ఇరవై రెండు మెట్లు. అలా నేనూ మా ఆయనా మూడు వారాలపాటు తణుకు, భీమవరం, రాజమండ్రి, అమలాపురం చుట్టుపక్కల ఏడు చోట్లు తిరిగాం. అంతకు నాలుగేళ్ల ముందు మా మామగారి కోసం కూడా తిరిగాం. అప్పుడు ఏం చూడాలో తెలియక బిల్డింగు చూసి వచ్చేశాం. దాని ఫలితం కాసేపట్లో చెబుతాను.

ఏడూ చూశాక నాకు తేలిందొకటుంది. నడిచే మనిషిని ఎక్కడైనా చూసుకుంటారు. మూడు పూటలా తిండి, టీవీ, సాయంత్రం భజన, అంతే కదా. బాత్రూంకి తనంతట తాను వెళ్లలేని రోజు వచ్చాక అదే చోట ఏం జరుగుతుందన్న దగ్గరే అసలు తేడా బయటపడుతుంది. మేం చూసిన ఏడింట్లో నాలుగు చోట్ల "తన పని తాను చేసుకోగలిగినవాళ్లనే తీసుకుంటామండి" అని మొదటే చెప్పేశారు. అలా చెప్పడం మంచిదే. ఒకాయన మాత్రం "ముందు చేర్చండమ్మా, తర్వాత సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. భయపడాల్సింది ఆ మాటకే. మంచాన పడ్డాక "మీవాళ్లని తీసుకెళ్లిపోండి" అని ఫోనొస్తే, వారం రోజుల్లో ఆ మనిషిని ఎక్కడ పెడతాం?

ఇంట్లోనే ఉంచి ఆయాని పెట్టుకుంటే

అందరికీ మొదట తట్టేది ఇదే, అందులో తప్పేమీ లేదు. అలవాటైన మంచం, వీధిలో పలకరించే మనుషులు, పెరట్లో కరివేపాకు చెట్టు, ఇవి డబ్బుతో వచ్చేవి కావు. ఖర్చు తక్కువ అనుకోవడం మాత్రం పొరపాటు. ఇరవై నాలుగ్గంటలూ ఉండే ఆయా జీతం, ఆమె తిండి, ఆమె సెలవు పెట్టినప్పుడు ఇంకొకరికి ఇచ్చేది, కిరాణా, కరెంటు అన్నీ కాగితం మీద వేసి చూడండి. చాలాసార్లు పెయిడ్ హోముకి అటూ ఇటూగా తేలుతుంది.

కోనసీమలో, నరసాపురం వైపు మనకో సదుపాయం ఉంది. కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లి అక్కడి ఇళ్లల్లో ముసలివాళ్లని చూసుకుని తిరిగొచ్చిన ఆడవాళ్లు మన ఊళ్లల్లో చాలామంది ఉన్నారు. మంచం మీది మనిషిని తన నడుం పట్టేయకుండా ఎలా లేపాలో, డైపర్ మార్చేటప్పుడు ఎటు తిప్పాలో వాళ్ల చేతులకి తెలుసు. అలాంటి మనిషి దొరికితే ఏజెన్సీ పంపే కొత్త పిల్ల కంటే ఎంతో నయం. (అన్నేళ్లూ ఆమె సొంత అమ్మానాన్నల్ని ఇక్కడ ఎవరు చూశారని అడగబుద్ధి అవుతుంది. నేనైతే అడగలేకపోయాను.)

చిక్కల్లా మనిషి నిలవడం దగ్గరే. ఊడ్పులప్పుడు, కోతలప్పుడు పల్లెల్లో మనిషి దొరకదు. సంక్రాంతి మూడు రోజులూ ఎవరూ రారు. ఉన్న ఒక్క ఆయాకి జ్వరమొస్తే మొత్తం ఏర్పాటు ఆగిపోతుంది. అందుకని బదులు వచ్చే రెండో మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఆ వీధిలోనే తాళంచెవి దగ్గర పెట్టుకునే చుట్టమో ఇరుగుపొరుగో ఒకరుండాలి. పెరట్లో దూరంగా ఉన్న పాత బాత్రూం బదులు గదికి ఆనుకుని కమోడ్, గోడకి పట్టుకునే రాడ్లు, రాత్రంతా వెలిగే చిన్న లైటు పెట్టించాలి. ఇవన్నీ కుదిరితే నా ఓటు ఇంటికే. మా అత్తయ్యకి ఆ తాళంచెవి పెట్టుకునే ఇరుగుపొరుగే కుదరలేదు. ఆ వీధిలో సగం ఇళ్లకి తాళాలే. అందరూ హైదరాబాద్‌లో ఉండి, సంక్రాంతికి నరసాపురం ఎక్స్‌ప్రెస్ దిగేవాళ్లే.

ఉచిత ఆశ్రమాలు

ఇవి ప్రధానంగా ఎవరూ లేనివాళ్ల కోసం. కేంద్ర ప్రభుత్వ గ్రాంటుతో 25 మంది చొప్పున నిరుపేద వృద్ధుల్ని చూసుకునే స్వచ్ఛంద సంస్థల హోములున్నాయి. మఠాలు, చర్చిలు, దాతలు నడిపేవీ ఉన్నాయి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోనైతే, కనీసం 150 మంది నిరుపేదలకి చోటుండే ఆశ్రమాలు జిల్లాకొకటి చొప్పున రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టవచ్చని రాసుంది. కాస్తో కూస్తో డబ్బున్న కుటుంబం ఉచిత మంచం పట్టుకుంటే అది ఇంకెవరిదో పోయినట్టే. కాబట్టి మా అత్తయ్య విషయంలో మేం దీన్ని లెక్కలోకి తీసుకోలేదు.

చూడాల్సినవాళ్లకి ఒక్క మాట. ఇలాంటి చోట్ల భోజనానికి సాధారణంగా లోటుండదు. పుట్టినరోజులకీ పెళ్లిరోజులకీ ఎవరో ఒకరు వచ్చి లడ్డూ, పులిహోర పెట్టి ఫోటో దిగి వెళ్తారు. లోటు మందుల దగ్గర వస్తుంది. "ఈ నెల బీపీ మాత్రలు ఎవరు కొన్నారు?" అని అడగండి. షుగరున్న వాళ్ల ఆకుల్లో కూడా ఆ లడ్డూ పడుతోందో లేదో భోజనాల వేళ నిలబడి చూడండి.

పెయిడ్ హోములు: ఇక్కడే ఎక్కువ చూడాలి

మన పట్టణాల్లో ఇవి ఎక్కువగా అద్దెకి తీసుకున్న రెండంతస్తుల ఇళ్లు. ఇరవై ముప్పై మంది ఉంటారు. వీటి మధ్య తేడా బయటికి అస్సలు కనబడదు.

మా మామగారి సంగతి ఇది. గ్రానైటు హాలు, గోడకి పెద్ద దేవుడి పటం, నవ్వుతూ మాట్లాడే నిర్వాహకుడు. పక్షవాతం వచ్చి ఒక పక్క చచ్చుబడ్డ మనిషిని అక్కడ చేర్చాం. ప్రతి ఆదివారం వెళ్లేవాళ్లం. హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి, తల దువ్వి, ఉతికిన లుంగీ కట్టి చూపించేవారు. ఆరో వారం ఆయన దగ్గర వాసన వస్తోందని మా ఆయన లేపి చూస్తే, పిరుదుల పైన నడుం దగ్గర అరచేతంత పుండు. అడిగితే "వయసు కదండీ" అన్నారు. వయసుకి పుండు పడదు. కదలని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే, తడిసిన డైపర్ గంటల తరబడి అలాగే ఉంటే పడుతుంది. ముందు ఎర్ర మచ్చ వస్తుంది. వేలితో నొక్కితే తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే మొదలైనట్టే. నడుం కింద, తుంటి పక్కన, మడమల మీద చూడాలి. ఇది నాకు ఆ ఆరు వారాల ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

అందుకే ఈసారి నేను ప్రతి చోటా ఒకే ప్రశ్న అడిగాను: "రాత్రి పదింటి తర్వాత ఇక్కడ మెలకువగా ఎంతమంది ఉంటారు?" ఎంతమంది ఉంటారని అడిగితే పడుకునేవాళ్లని కూడా కలిపి చెబుతారు. మెలకువగా అని నొక్కి అడగాలి. లెక్క ఇలా చూసుకోండి. మంచాన పడ్డవాళ్లు ఆరుగురు ఉన్నారనుకుందాం. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా రెండు గంటలకోసారి అంటే మనిషికి నాలుగుసార్లు, మొత్తం ఇరవై నాలుగుసార్లు తిప్పాలి. మధ్యలో డైపర్లు మార్చాలి, మంచినీళ్లు అడిగేవాళ్లకి ఇవ్వాలి, బాత్రూంకి వెళ్లేవాళ్ల చెయ్యి పట్టుకోవాలి. ఒక్క ఆడమనిషి ఇదంతా చేయడం జరిగే పని కాదు. "గాలి పరుపు వేశాం కదండీ, తిప్పక్కర్లేదు" అంటారు కొందరు. గాలి పరుపు వేసినా తిప్పాల్సిందే.

వెళ్లేటప్పుడు ముందు ఫోన్ చేసి ఒకసారి, చెప్పకుండా ఒకసారి వెళ్లండి. రెండోసారి సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య అయితే మంచిది. పగటివాళ్లు వెళ్లిపోయి రాత్రివాళ్లు వచ్చే వేళ అది. మంచాన ఉన్నవాళ్ల గది చూపించమనండి. "వాళ్లు పడుకున్నారు" అని గుమ్మంలోనే ఆపేస్తే, ఇంకోరోజు పగలు వస్తామని చెప్పి నిజంగానే వెళ్లండి. అప్పుడూ పడుకునే ఉంటే ఆ చోటు వదిలేయండి. పగలంతా అందరూ మత్తుగా జోగుతుంటే నిద్రమాత్రలు గుర్తుకు రావాలి. మతిమరుపు ముదిరి తిరిగేవాళ్లని మంచానికి కట్టేసే చోట్లు కూడా ఉన్నాయి. మణికట్లు ఓసారి చూడండి.

హాలు గురించి పట్టించుకోవడం నేను పూర్తిగా మానేశాను. కాళ్ల గోళ్లు, మగవాళ్ల గడ్డాలు, పెదవులు ఎండిపోయాయా, వేసుకున్న బట్టలు వాళ్లవేనా అన్నది చూస్తాను. ఒక హోములో ఒక పెద్దాయన "ఈ చొక్కా నాది కాదమ్మా, మూడు రోజుల నుంచి చెబుతున్నాను" అన్నాడు నాతో. కళ్లజోడు మాయమైనా, పళ్ల సెట్టు మారిపోయినా, చెవి మిషనులో బ్యాటరీ అయిపోయినా పట్టించుకునే నాథుడు లేకపోతే మనిషి మెల్లగా మాట మానేస్తాడు. దాన్ని మళ్లీ "వయసు" అనే అంటారు. ఇంకో చోట మేం వెళ్లేసరికి వరండాలో ఒక ఆయా ఓ ముసలమ్మ కాలు ఒళ్లో పెట్టుకుని గోళ్లు తీస్తోంది. "కదలకమ్మా మహాతల్లీ, నీ వేలు తెగితే నీ కొడుకు నన్ను తంతాడు" అని కసురుతోంది. ఆ ముసలమ్మ నవ్వుతోంది. గోడకి సున్నం రాలిపోయి ఉంది ఆ ఇంట్లో. మా ఆయన అప్పుడే నా వంక చూశారు.

తిండి గురించి మెనూ కాగితం చూపిస్తారు. వేళలు అడగండి. రాత్రి ఏడింటికి అన్నం పెట్టి, మళ్లీ పొద్దున్న ఎనిమిదిన్నరకి టిఫిను అంటే మధ్యలో పదమూడున్నర గంటలు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి తెల్లవారుజామున షుగర్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పడుకోబోయే ముందు పాలో, మజ్జిగో, రెండు బిస్కెట్లో ఇస్తారా? ఇన్సులిన్ పెట్టడానికి ఫ్రిజ్ ఉందా, వేసేది ఎవరు? బరువు తూచే మిషనుందా, నెలకోసారి తూచి రాస్తున్నారా? మూడు నెలల్లో నాలుగైదు కిలోలు తగ్గిపోతే, తినిపించేవాళ్లు లేరనో, మింగుడు పడడం లేదనో, లోపల ఇంకేదో జబ్బుందనో అర్థం. ఆ పుస్తకం ఉన్న చోటు ఏడింట్లో ఒక్కటే కనబడింది మాకు.

రుచి కూడా చిన్న విషయం కాదు. మఠాల వాళ్లు నడిపే చోట ఉల్లి, వెల్లుల్లి ఉండవు. జీవితమంతా చేపల పులుసుతో అన్నం తిన్న మనిషికి అది శిక్షే. తిరగేసి చూస్తే, మా అత్తయ్యలాంటి ఆవిడకి పక్క కంచంలో చేప కనబడితే ఆ పూట భోజనం లేదు. ఇందులో ఎవరిదీ తప్పు కాదు, ముందే అడగాలి. పొద్దున్న నాలుగున్నరకి కాఫీ దొరుకుతుందా అన్నది మా అత్తయ్య అడగమన్న ఒకే ఒక్క ప్రశ్న.

మన నేల సంగతులు

హైదరాబాద్ వాళ్లు రాసే సలహాల్లో ఇవి ఉండవు. ఒకటి, నీళ్లు. ఎండాకాలం కాలువలు కట్టేశాక, చెరువు నీళ్లు అడుగంటాక, హోములో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? సముద్రం వైపు, రొయ్యల చెరువుల చుట్టుపక్కల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. తాగే నీళ్లు కొంటున్నారంటే పొదుపుగా పోస్తున్నారేమో చూడండి. ముసలివాళ్లకి దాహం తెలియదు. రోహిణి కార్తెలో మన ఉక్కకి ఒంట్లో నీరు తగ్గిపోయి, మాట తడబడి, పక్షవాతమేమో అని కంగారుపడి ఆసుపత్రికి పరిగెత్తిన సంగతులు నేను విన్నాను.

రెండు, కరెంటు. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో రోజుల తరబడి దీపాల్లేవు. గాలి పరుపు, ఆక్సిజన్ మిషను కరెంటు మీదే నడుస్తాయి. ఇన్వర్టరు ఎన్ని గంటలు, జనరేటరుకి డీజిలు ఉందా అని అడగాలి. మూడు, వరద. ధవళేశ్వరం దగ్గర 17.75 లక్షల క్యూసెక్కులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక వస్తే లంకల్లోకి పడవే గతి. అంతకంటే తక్కువ నీటికే కనకాయలంక కాజ్‌వే మునగడం మనం చూస్తూనే ఉంటాం. ఏటిగట్టు లోపలి వైపు, కొబ్బరితోటలో ప్రశాంతంగా ఉందని ఎవరైనా చూపిస్తే, జులై, ఆగస్టుల్లో అంబులెన్సు ఏ దారిన వస్తుందో అడగండి. ప్రశాంతత కోసమని మేం దాదాపు అలాంటి చోటే ఖాయం చేయబోయాం.

నర్సింగ్ కేర్, హైదరాబాద్ కాటేజీలు

రాజమండ్రి, కాకినాడ లాంటి చోట్ల ఆసుపత్రికి దగ్గర్లో నర్సులతో నడిచే చోట్లుంటాయి. ముక్కు గొట్టం, మూత్రం గొట్టం, గొంతు దగ్గర రంధ్రం, పెద్ద పుండు, వీటిల్లో ఏదైనా ఉంటే మామూలు హోము గురించి ఆలోచించకండి, ఖర్చు ఎక్కువైనా ఇక్కడికే. ఇవేవీ లేని మనిషిని ఇక్కడ పెడితే అది ఆసుపత్రి వార్డులో కాపురమే.

హైదరాబాద్ శివార్లలో కాటేజీలు, వాకింగ్ ట్రాక్, లైబ్రరీ ఉన్నవి బ్రోషర్లో ముచ్చటగా ఉంటాయి. అరవై ఐదేళ్ల రిటైర్డ్ దంపతులకి, పెన్షన్ ఉన్నవాళ్లకి బాగానే ఉంటాయి. 81 ఏళ్ల మనిషిని, ఒకసారి పడ్డాక, గోదారి యాస వినబడని చోటికి మొదటిసారి తీసుకెళ్లడం నాకు మనసొప్పలేదు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు అదే మంచిదని, డబ్బు తాను కడతానని చాలా పట్టుబట్టాడు. డబ్బు కట్టేవాళ్లకి దగ్గరగా చూడకండి. వారం వారం వెళ్లి దుప్పటి ఎత్తి చూసేవాళ్లకి దగ్గరగా చూడండి. అరగంటలో వెళ్లగలిగే ఓ మాదిరి హోము, రాత్రి రైలెక్కితే తప్ప చేరలేని గొప్ప హోము కంటే నయమని నా లెక్క.

డబ్బు, కాగితాలు

నెలకి 12 వేలు అన్నారనుకోండి. అందులో డైపర్లు ఉన్నాయా? రోజుకి మూడు, ఒక్కోటి 40 రూపాయలు వేసుకున్నా నెలకి 3,600 అవుతుంది. డాక్టరు రాకపోకలు, ఫిజియోథెరపీ, అంబులెన్సు, ఆసుపత్రిలో చేరితే పక్కన ఉండే మనిషి ఖర్చు, ఇవన్నీ బయటే ఉంటాయి సాధారణంగా. డిపాజిట్టు తిరిగి ఇస్తారా, మనిషి మధ్యలో పోతే మిగిలింది ఎన్నాళ్లకి ఇస్తారు, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇవి నోటిమాటగా కాకుండా కాగితం మీద ఉండాలి. "డొనేషన్" అని పేరు పెట్టి తీసుకున్నది తిరిగి రాదు. నెల రోజులు ఉంచి చూస్తామంటే ఒప్పుకునే చోటుకి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

70 దాటినవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. అది ఆసుపత్రిలో చేరితేనే, హోము ఫీజుకి పనికిరాదు. ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000 వస్తున్న మనిషిని వేరే ఊరికి మారుస్తుంటే, సచివాలయంలో ముందే మాట్లాడుకోండి.

ఇంకొకటి చెప్పక తప్పదు. మన వైపు ఆస్తి ముందు రాసిచ్చి తర్వాత బాధపడేవాళ్లు ఎక్కువ. 2007 చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించవచ్చు. ఆ షరతు దానపత్రంలోనే రాయించుకుంటే గొడవ ఉండదు. పోషణ కోసం అడిగితే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ నెలకి 10,000 వరకు ఇప్పించగలదు. ఎవరికి చెప్పుకోవాలో తెలియనప్పుడు వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. హోములో కొడుతున్నారనో, తిండి పెట్టడం లేదనో అనుమానం వచ్చినా దానికే చెప్పవచ్చు.

మేం చివరికి సున్నం రాలిన ఆ ఇంటికే వెళ్లాం. మా ఇంటికి ఆటోలో పావుగంట. పద్దెనిమిది మంది ఉంటారు, రాత్రి మెలకువగా ఇద్దరు. కాఫీ నాలుగున్నరకి కుదరదు, ఐదుంపావుకి ఇస్తారు. దీని మీద అత్తయ్యకి ఇప్పటికీ కోపమే. లోపాలు లేవని కాదు. ఇన్వర్టరు నాలుగ్గంటలే వస్తుంది, మగ ఆయా ఒక్కడే. భోగి నాడు చెప్పకుండా వెళ్లి చూశాను. సగం మంది సెలవులో ఉన్నారు, నిర్వాహకురాలే కొంగు దోపుకుని డైపర్లు మారుస్తోంది. అప్పుడు నాకు టెన్షన్ కొంచెం తగ్గింది.

చేర్చిన రోజు ఫారం నింపుతుంటే చివర్లో, ఏమైనా జరిగితే ఎంతసేపు ఉంచాలి, ఎవరికి చెప్పాలి అని ఒక గడి ఉంది. అమెరికా నుంచి తమ్ముడు రావాలంటే రెండు రోజులు పడుతుంది, ఫ్రీజర్ పెట్టె తెప్పించమని రాద్దామా అని నేనూ మా ఆయనా గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నాం. అత్తయ్య వాకర్ మీద చెయ్యి పెట్టుకుని అంతా వింటోంది. "ఆ పెట్టె గిట్టె ఏం వద్దే. వాడికి వీడియోలో చూపించండి. తెల్లారేలోగా తీసుకెళ్లిపోండి" అంది. అలాగే రాశాం. నిర్వాహకురాలు చదివి, కింద ఆవిడ చేత కూడా సంతకం పెట్టించుకుంది.